పల్నాటి రాయి: చెక్కినవాళ్ళూ, కాల్చినవాళ్ళూ

వెల్దుర్తిలో మా అమ్మమ్మ ఇంటి వసారాకీ వంటింటికీ పైకప్పు నాపరాళ్ళే. కింద గచ్చూ నాపరాళ్ళే. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం చొక్కా విప్పి ఆ బండల మీద పడుకుంటే వీపు చల్లబడేది. మొన్న మామయ్య ఫోన్ చేసి, "పాతిల్లు తీసేసి శ్లాబు పోయిద్దాం అల్లుడూ, నువ్వూ కొంచెం సర్దాలి" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఉద్యోగంలో అలవాటైన లెక్కల పిచ్చి కొద్దీ, ఒక నాపరాయికి లెక్క వేశాను.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం. దాదాపు 75 కిలోలు తూగుతుంది. నాపరాయి అంటే సున్నపురాయే, దాంట్లో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ 100 గ్రాములు బాగా కాలిస్తే 56 గ్రాముల సున్నం మిగులుతుంది, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. మలినాలు తీసేసినా ఒక్క బండలో 30 కిలోల దాకా వాయువు ఉన్నట్టు. దాన్ని బయటికి తీస్తే ఎనిమిదడుగుల గది ఒకటి నిండిపోతుంది. నేను చిన్నప్పుడు పడుకున్నది గడ్డకట్టిన గాలి మీదన్నమాట!

ఆ గాలి రాయిలోకి ఎలా వచ్చింది? వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కరిగించుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ పులుపు కొండరాళ్ళని కొద్దికొద్దిగా తింటుంది. అలా ఊడిన కాల్షియం, బైకార్బొనేట్ నదుల్లో పడి సముద్రానికి చేరి, అడుగున సున్నపురాయిగా పేరుకుంటాయి. కోట్ల ఏళ్ళ తర్వాత కొంత రాయి భూమి లోపలికి దిగి, వేడికి విడిపోయి, అగ్నిపర్వతాల నోటి నుంచి మళ్ళీ వాయువుగా బయటికొస్తుంది. ఇదీ కర్బన చక్రంలో నిదానంగా తిరిగే భాగం. భూమి వేడెక్కితే రాళ్ళు త్వరగా అరిగి గాలిలోని వాయువు తగ్గుతుంది, చల్లబడితే అరుగుదల మందగిస్తుంది. అంటే భూమికి ఇదొక థర్మోస్టాట్. ఈరోజు కూడా కృష్ణ మహాబలేశ్వరం దగ్గర నల్లరాతి కొండల్లో పుట్టి, ఆ పనే చేసుకుంటూ మన పల్నాడు మీదుగా పోతోంది. కాకపోతే ఆ థర్మోస్టాట్ తిరగడానికి లక్షల ఏళ్ళు పడుతుంది.

పల్నాటి సున్నపురాయి వయసు యాభై కోట్ల ఏళ్ళకు పైమాటే అంటారు. కడప, కర్నూలు, పల్నాడు ప్రాంతాల రాతి పొరలన్నిటినీ వరసపెట్టి వివరించినవాడు విలియం కింగ్. భారత భూగర్భ సర్వే తరఫున 1872లో ఆయన రాసిన గ్రంథం దగ్గరే ఇప్పటికీ మొదలుపెడతారు.

ఈ రాయిని మన చరిత్ర పుస్తకాలు గుర్తుపెట్టుకున్నది చెక్కినవాళ్ళ వల్ల. అమరావతి స్తూపం ఫలకాలు ఈ రాయే. ఇంగ్లీషువాళ్ళు 'అమరావతి మార్బుల్స్' అని పేరుపెట్టారు గానీ అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు నాగార్జునకొండ లోయలో విజయపురి కట్టినప్పుడూ ఇదే రాయి. నున్నగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. బుద్ధుడి కథల్లోని చెట్లూ ఏనుగులూ జనాలూ దాని మీద అంత కిక్కిరిసి నిలబడ్డాయంటే రాయి మంచితనం కూడా ఉంది అందులో.

తర్వాత కాల్చినవాళ్ళు వచ్చారు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని రాజధాని చేసుకుని ఊరు కట్టిస్తుంటే, దిబ్బలోంచి ఇటుకలూ రాళ్ళూ తవ్వుకెళ్ళారు. కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వి ఉంది. ఫలకాలు ఎన్నో సున్నపు బట్టీల్లోకి పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవి మద్రాసుకీ, అక్కణ్ణుంచి లండన్‌కీ చేరాయి.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. బుద్ధుణ్ణి కాల్చి గోడకి సున్నం వేసుకుంటారా అని. చెక్కిన చెయ్యి గొప్పది, కాల్చిన చెయ్యి మూర్ఖమైనది, అంతే నా తీర్పు. శిల్పాల విషయంలో ఇప్పటికీ అదే బాధ. కానీ గాలి లెక్క ప్రకారం చూస్తే ఆ బట్టీవాళ్ళు నేననుకున్నంత పాపం చెయ్యలేదు. కాల్చిన సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుతా ఉడుకుతుంది. గానుగలో ఇసుకతో కలిపి నూరి గోడకి పెడితే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని నెమ్మదిగా పీల్చుకుని మళ్ళీ సున్నపురాయవుతుంది. బట్టీలో ఊడిన వాయువులో చాలావరకు గోడ తిరిగి తీసుకుంటుంది. పైన మిగిలేది వంటచెరకు పొగ. ఆ చెట్టు మళ్ళీ మొలిస్తే అదీ తీరిపోయే బాకీయే.

మరి లెక్క ఎక్కడ తప్పింది? 1894లో స్వీడన్ భూగర్భ శాస్త్రవేత్త అర్విద్ హోగ్‌బోమ్ ఇదే లెక్క ప్రపంచమంతటికీ వేశాడు. అప్పట్లో ఏడాదికి తవ్వే బొగ్గు సుమారు 50 కోట్ల టన్నులు. దాన్ని కాలిస్తే వచ్చే వాయువూ, రాళ్ళు అరిగి సున్నపురాయిగా మారడంలో ఖర్చయ్యే వాయువూ దాదాపు సరిపోతాయని తేల్చాడు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వాంతె అర్హీనియస్ 1896లో లెక్కకట్టిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ మాటని వాడుకున్నాడు. అంటే ఆ రోజుల్లో మనిషి పొగా, భూమి పనీ తక్కెడలో సమానంగా తూగాయి. ఇప్పుడు బొగ్గు ఒక్కటే ఏడాదికి 800 కోట్ల టన్నులు దాటింది. తక్కెడ అవతలి పళ్ళెంలో ఉన్న కృష్ణమ్మ మాత్రం తన పాత జీతానికే పనిచేస్తోంది.

1958 దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ ఏడాది మార్చిలో హవాయి దీవుల్లో మౌనా లోవా మీద చార్లెస్ కీలింగ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. మొదటి కొలత 313 పీపీఎం. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైందీ 1958లోనే. అప్పటికి మూడేళ్ళ కిందటే, 1955 డిసెంబరు 10న, నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. ఒకపక్క డ్యాము లేస్తుంటే, ఇంకోపక్క మునిగిపోయే విజయపురిని 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వి, దొరికినవాటిని కొండ మీదకీ అనుపుకీ మార్చారు. చెక్కిన రాయి మ్యూజియంలోకి వెళ్తున్న రోజుల్లోనే, చెక్కని రాయి కిల్నులోకి వెళ్ళడం మొదలుపెట్టింది.

సిమెంటు కిల్ను 1450 డిగ్రీల వేడికి పోతుంది. అక్కడ వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 60 శాతం బొగ్గుది కాదు, రాయిది. అంటే రేపు ఆ కిల్నుని సౌరవిద్యుత్తుతో నడిపినా రాయి తన గాలిని వదలక తప్పదు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7, 8 శాతం. కాంక్రీటు కూడా సున్నంలాగే కొంత తిరిగి పీల్చుకుంటుంది. 1930 నుంచి 2013 దాకా సిమెంటు కోసం రాయి వదిలిన వాయువులో 43 శాతాన్ని కట్టడాలు వెనక్కి తీసుకున్నాయని 2016లో నేచర్ జియోసైన్స్‌లో ఒక అంచనా వచ్చింది. మిగిలింది పైనే ఉంది. మౌనా లోవా కొలత ఇప్పుడు 420 దాటింది.

అమరావతి మీద ఎన్ని పుస్తకాలు చదివినా పోయిన శిల్పాల జాబితా ఉంటుంది గానీ, రాయి వదిలిన గాలి గురించి ఒక్క వాక్యం ఉండదు. కళాచరిత్రకీ రసాయన శాస్త్రానికీ వేరువేరు బీరువాలు కదా! కానీ పల్నాడులో ఆ రెండూ ఒకే రాయి.

ఇవన్నీ మామయ్యకి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "రాళ్ళ సందుల్లోంచి వానొస్తది, తేళ్ళొస్తయ్. ఒక్క వానాకాలం వచ్చి ఆ వసారాలో పడుకో, తర్వాత చెప్పు. అయినా నువ్వుండేది దేంతో కట్టిన ఫ్లాటురా?" అన్నాడు. హైదరాబాదులో తొమ్మిదో అంతస్తులో నిలబడి నేనేం చెప్పను? "రెంటచింతల ఎండలు నీకు పేపర్లో వార్త, మాకు నెత్తి మీద. ఏసీ పెట్టాలంటే శ్లాబుండాలి" అని కూడా అన్నాడు. ఎండలు పెరగడానికి చెయ్యేసిన సరుకుతోనే ఎండ నుంచి చాటు కట్టుకోవాలి. ఈ చిక్కుకి నా దగ్గర జవాబు లేదు, మామయ్య దగ్గర తాపీమేస్త్రీ ఉన్నాడు.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. పైన శ్లాబు పోస్తారు. పాత నాపరాళ్ళు మాత్రం ఒక్కటి కూడా పారెయ్యకుండా కడిగి, కొత్తింటి గచ్చుకి వేస్తారు. టైల్సు డబ్బులు మిగులుతాయని మామయ్య ఒప్పుకున్నాడు, గాలి లెక్క విని కాదు. నలభై బండలు తేలాయట. బండకి 30 కిలోల చొప్పున 1200 కిలోలు. ఆ గాలి ఇంకొన్నాళ్ళు మా ఇంట్లోనే, మా కాళ్ళ కింద ఉంటుంది. శ్లాబుకి నా వాటా డబ్బులు కూడా నిన్ననే పంపేశాను.