ఎగురని విమానము, తెరచుకొనని తలుపు

తాళము వేసిన గదిలో తమంతట తామే చిక్కుపడి, వెలుపలికి వచ్చుటకై ముందుగానే రుసుము చెల్లించు మనుష్యులు కలరనినచో మా తాతగారు నవ్వియుందురు. నేనును నవ్వితిని, కాని మొన్న మేనకోడలి బలవంతము మీద, విమానగర్భమువలె అమర్చిన అట్టి యొక ఎస్కేప్ రూములో 60 నిమిషములు గడపి వచ్చిన పిమ్మట ఆ నవ్వు కొంత తగ్గినది. రెండు వరుసల సీట్లు, నడుమ ఇరుకైన దారి, తలపై సామానుల అరలు, కిటికీలకావల దీపములతో కల్పించిన మేఘములు. సీటు సంచిలోని భద్రతాపత్రమున నొక అంకె, బెల్టు కొక్కెమున మరియొకటి దాగియుండగా, వానిని కూర్చి పైలట్ గది తలుపు తెరువవలెను.

ఈ క్రీడకు పుట్టినిల్లు జపాను. కంప్యూటరు తెరపై వస్తువులను నొక్కి నొక్కి గదినుండి బయటపడు ఆటలు అచ్చట వ్యాపించియున్న కాలమున, 2007లో, క్యోటో నగరమందు తకావో కాటో అనునతడు మనుష్యులనే నిజమైన గదిలో ప్రవేశపెట్టి ఆడించెను. 2011లో బుడాపెస్టున 'పారాపార్క్' అను అట్టి క్రీడాస్థలము వెలసినది. ఆ నగరమునకు ఈ విద్యతో పూర్వసంబంధము కలదు: సంకెళ్ళనుండి, పెట్టెలనుండి తప్పించుకొనుటయే జీవనోపాధిగా చేసికొన్న హ్యారీ హూడినీ 1874లో జన్మించినది అచ్చటనే. ఆ మాయావి విమానమును సైతము నడపెను. ఫ్రెంచి ద్విపక్షవిమానము నొకదానిని కొని, 1909 నవంబరులో జర్మనీయందలి హాంబర్గున తొలిసారి ఎగిరి, మరుసటి మార్చిలో ఆస్ట్రేలియా ఆకాశమునను ఎగిరెను. ఆ విమానమునకు గదియు లేదు, తలుపును లేదు. తప్పించుకొనుటకు ఏమియు లేకుండుటయే ఆయనకందు నచ్చినదేమో!

హాంబర్గు మరల ఈ కథలోనికి వచ్చుచున్నది. 2006 మార్చి 26న అచ్చటి చీకటి షెడ్డులో నిలిపిన ఎయిర్‌బస్ ఏ380 నుండి 853 మంది ప్రయాణికులును, 20 మంది సిబ్బందియు, 16 ద్వారములలో ఏ 8 తెరచుకొనునో ముందుగా తెలియకయే, అత్యవసర నిష్క్రమణ పరీక్షయందు విధించిన 90 సెకన్ల గడువునకు లోబడి 78 సెకన్లలో జారుబల్లలపైనుండి నేలకు దిగిరి. ఒకరికి కాలు విరిగినది. భయపడినవాడు ఆలోచింపలేడని ఎరిగిన విమాననిర్మాత, అక్షరము రానివానికిని అర్థమగు బొమ్మలతో, ఒక్క పిడితో తెరచుకొను తలుపుతో, ఆలోచనయొక్క అవసరమునే తొలగించుటకు ఎన్నో యేండ్లు శ్రమింపగా, క్రీడానిర్మాత అదే గర్భమును తెచ్చి, తొలగించిన ఆలోచననంతను తాళములుగా మరల బిగించుచున్నాడు. 2001 సెప్టెంబరు విమానాపహరణల పిమ్మట దృఢపరుపబడిన పైలట్ గది తలుపొక్కటి మాత్రము ఉభయులకును సమానము.

మేము 57వ నిమిషమున బయటపడితిమి. నిజము చెప్పవలెననిన, మొదటి నిమిషముననే నేను అత్యవసర ద్వారపు పిడిని పట్టి లాగబోయితిని. అది గోడపై వేసిన బొమ్మ.