సున్నా వేరు, ఖాళీ వేరు

పరీక్షకు రాని విద్యార్థికి సున్నా మార్కులు వేయవచ్చా? వేస్తే చిక్కే. రేపు అందరికీ 5 మార్కులు కలపాలని నిర్ణయిస్తే, పరీక్ష రాయనివాడికీ 5 వచ్చేస్తాయి. అందుకే మార్కుల పట్టికలో సున్నాకు బదులు 'గైర్హాజరు' అని రాస్తారు. ఈ చిన్న తేడా కంప్యూటరు భాషలకు పెద్ద సమస్యే తెచ్చిపెట్టింది.

1934లో కొలంబోలో పుట్టిన బ్రిటిష్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యు భాషకు రూపకల్పన చేస్తూ, 'ఇక్కడ ఏమీ లేదు' అని తెలిపే 'నల్' గుర్తును అందులో చేర్చారు. అమలు చేయడం సులువు కావడమే అందుకు కారణం. కాని నల్ ఎక్కడ దాగి ఉందో పైకి కనబడదు. విలువ ఉందనుకుని వాడబోతే, నడుస్తున్న ప్రోగ్రాము మధ్యలోనే ఆగిపోవచ్చు. 2009లో లండన్‌లో జరిగిన ఒక సదస్సులో హోర్ దీన్ని తన 'వంద కోట్ల డాలర్ల పొరపాటు'గా వర్ణించారు.

మరో దారి ఎడిన్‌బరోలో మొదలైంది. 1970లలో అక్కడ రాబిన్ మిల్నర్ బృందం రూపొందించిన ఎంఎల్ భాషలో ప్రతి విలువకూ ఒక 'టైపు' ఉంటుంది. ప్రోగ్రాము నడవకముందే కంపైలరు ఈ టైపులను సరిచూస్తుంది. ఆ బాటలో వచ్చిన స్టాండర్డ్ ఎంఎల్‌లో 'ఆప్షన్', హాస్కెల్‌లో 'మేబీ' అనే టైపులున్నాయి. వీటిని పెట్టెలనుకోండి. పెట్టెలో ఒక విలువ ఉండవచ్చు, లేదా అది ఖాళీగా ఉండవచ్చు. 42 అనే సంఖ్య వేరు, 42 ఉన్న పెట్టె వేరు. పెట్టెకు నేరుగా 5 కలపబోతే కంపైలరు ఒప్పుకోదు.

మరి కలపడం ఎలా? ఇందుకు పనికొచ్చిన ఉపాయం ఇంకా పాతది. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషను వివరించిన వ్యాసంలో, జాబితా పొడవునా ఒక ప్రమేయాన్ని వర్తింపజేసే 'మ్యాప్‌లిస్ట్' ఉంది. జాబితాలోని ప్రతి అంశాన్నీ ఒకే ప్రమేయంతో మార్చే 'మ్యాప్' తర్వాతి భాషల్లో స్థిరపడింది. మన పెట్టె కూడా ఒక జాబితా లాంటిదే. అందులో ఒక్క అంశం ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. కాబట్టి అదే సూత్రం పనిచేస్తుంది. '5 కలుపు' అనే ప్రమేయాన్ని మ్యాప్‌కు ఇస్తే, 42 ఉన్న పెట్టె నుంచి 47 ఉన్న పెట్టె వస్తుంది. ఖాళీ పెట్టె ఖాళీగానే మిగులుతుంది. రానివాడికి మార్కులు రావు. తర్వాత శాతం కట్టినా ఇంతే. మెట్టుమెట్టుకూ 'ఉందా, లేదా' అని అడగనక్కరలేదు. చివర ఒక్కసారి అడిగితే చాలు.

జాబితాకూ పెట్టెకూ ఉన్న ఈ పోలికకు 1996లో వచ్చిన హాస్కెల్ 1.3 'ఫంక్టర్' అని పేరు పెట్టింది. గణితంలోని కేటగిరీ సిద్ధాంతం నుంచి తెచ్చుకున్న పేరది. 2014లో జావా 8 కూడా 'ఆప్షనల్' పేరుతో ఇలాంటి పెట్టెను, దానితోపాటు మ్యాప్‌ను చేర్చుకుంది. అయితే జావాలో నల్ తొలగిపోలేదు. పాత ప్రోగ్రాములెన్నో దానిమీదే ఆధారపడి ఉన్నాయి. కనుక ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ విలువ లేకపోతే ఏం జరుగుతుంది?