చెల్లని నోట్లు చెప్పు చరిత్ర



రాగిరేకులను, శిలాశాసనములను, బంగారు వెండి నాణెములను చరిత్రకు ఆధారములుగా గ్రహించుట మనకు చిరపరిచితమే. కాగితపు నోటును మాత్రము అట్లు చూచువారు అరుదు. నాణెము చెల్లకపోయినను అందలి లోహము మిగులును. నోటు చెల్లకపోయినచో కాగితపు ముక్క తప్ప మరేమియు మిగులదని లోకుల తలంపు. ఆ ముక్కలో మిగిలియున్నదేమో, దానిని ఏల భద్రపరుపవలయునో విన్నవించుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

నోటనగా ఒక వాగ్దానము. దీనిని తెచ్చినవానికి ఇన్ని రూపాయలు ఇత్తునని వ్రాసియిచ్చిన మాట. మన వర్తకుల హుండీయు ఇట్టిదే. కాని హుండీని నమ్ముటకు దానిని వ్రాసిన సాహుకారును ఎరిగియుండవలెను. నోటును నమ్ముటకు ప్రభుత్వమునందు విశ్వాసము చాలును. మొదట మన దేశమున కొన్ని బ్యాంకులు నోట్లు వెలువరించుచుండెను. 1861లో వచ్చిన చట్టముచే ఆ అధికారము ఇంగ్లీషు ప్రభుత్వమునకు చేరినది.

ఆ ప్రభుత్వపు తొలినోట్లు తెల్లని కాగితముపై ఒకవైపు మాత్రమే ముద్రింపబడెడివి. దేశమును కొన్ని మండలములుగా విభజించిరి. ఒక మండలపు నోటును వేరొక మండలమున పుచ్చుకొనితీరవలెనన్న నిర్బంధము లేదు. మద్రాసు మండలమునకు లోబడిన ఉపమండలములలో మన విశాఖపట్టణ మొకటి. 1903 మొదలు 1911 లోపల ఐదు, పది, ఏబది, నూరు రూపాయల నోట్లకు ఈ కట్టుబాటు క్రమముగా తొలగినది.

ఆ కాలమున దూరప్రాంతములకు ధనము పంపువారు చేసిన యుక్తి వినదగినది. నోటును నడుమకు కత్తిరించి, ఒక సగమును ముందుగా టపాలో పంపెడివారు. అది చేరినట్లు జాబు వచ్చిన పిమ్మటనే రెండవ సగమును పంపెడివారు. పుచ్చుకొన్నవాడు రెంటిని అతికించి మార్చుకొనెడివాడు. దారిలో దొంగ అపహరించినను ఒక్క సగముతో వాడు చేయగలిగినది లేదు. నేటికిని సంగ్రాహకులకు ఇట్టి అతుకునోట్లు దొరకుచుండును. ఎరుగనివాడు దానిని చినిగిన నోటని త్రోసివేయును. ఎరిగినవానికి ఆ అతుకే నాటి దారుల భయమును, జనుల జాగ్రత్తను చెప్పు సాక్ష్యము.

ఇక నైజాము రాజ్యపు నోట్ల కథ. దేశీయ సంస్థానములలో చిరకాలము తన సొంత నోట్లను నడపినది హైదరాబాదే. మొదటి ప్రపంచయుద్ధ కాలమున వెండికి కరవు వచ్చినది. రూపాయలు పోతపోయుటకు లోహము చాలలేదు. అందుచే 1918లో హైదరాబాదు ద్రవ్య చట్టము చేసి, పది, నూరు రూపాయల నోట్లను వెలువరించిరి. 1919లో ఒకటి, ఐదు రూపాయల నోట్లును, 1926లో వేయిరూపాయల నోటును వచ్చినవి. వీనికి ఉస్మానియా సిక్కా అని పేరు. ఇందు ప్రధానభాష ఉర్దూ. అయినను మొత్తమును తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలలోను వ్రాసిరి. పాలకుల భాష వేరైనను, జనులు చదువుకొను లిపి లేనిదే నోటుకు నమ్మకము కుదరదని దీనివలన తెలియుచున్నది.

ఈ నోట్లను మొదట లండనులోని వాటర్లో కంపెనీవారు అచ్చువేసి ఓడలపై పంపెడివారు. 1922 మే 20వ తేదీన, బొంబాయికి వచ్చుచున్న ఈజిప్టు అను ఓడ ఫ్రాన్సు తీరమునకు సమీపమున మంచుపొగలో వేరొక ఓడ తాకి మునిగిపోయెను. ఎనుబదిమందికి పైగా మరణించిరి. పదిలక్షల పౌనులకు పైబడిన వెండిబంగారములతోపాటు నైజాము నోట్ల కట్టలును అందుండెను. ఇటలీదేశపు నిపుణులు ఏండ్లతరబడి వెదకి, సుమారు 400 అడుగుల లోతున ఆ ఓడను కనుగొని, 1932లో బంగారమును పైకి తీసిరి. నోట్లును కొన్ని వచ్చినవి. వానిపై అధికారి సంతకము లేదు. కావున అవి ద్రవ్యమే కావు. అచ్చు ఉన్నది, కాగితమున్నది, అంకెయున్నది. మాట ఇచ్చినవాని వ్రాలు లేదు. నోటునకు ప్రాణ మెక్కడ నుండునో ఇంతకంటె స్పష్టముగా చెప్పు దృష్టాంతము నేనెరుగను.

ఆ సంతకములును చదువదగినవే. ఒక నోటుపై సర్ అక్బర్ హైదరీ పేరుండును. మరియొకదానిపై గులాం మహమ్మదు పేరుండును. ఆయన 1951లో పాకిస్థానునకు గవర్నరు జనరలు అయ్యెను. ఇంకొకదానిపై జాహిద్ హుస్సేన్ పేరుండును; ఆయన 1948లో పాకిస్థాను స్టేటు బ్యాంకునకు మొదటి గవర్నరు అయ్యెను. తెలంగాణపు రైతు శిస్తు కట్టిన నోటు మూలన దేశవిభజన చరిత్ర దాగియున్నది.

తెలంగాణమువారు నైజాము రూపాయిని హాలీ అనియు, ఇంగ్లీషు రూపాయిని కల్దారు అనియు పిలిచెడివారు. ఏడు హాలీలకు ఆరు కల్దారులు. 1948లో సంస్థానము దేశమున కలిసిన పిదపను హాలీ వెంటనే పోలేదు. 1951లో దాని వెలువరింత ఆగినది. 1959లో పూర్తిగా చెల్లుబాటు పోయినది.

ఒక గ్రామమున పాత భోషాణమును తెరచినప్పుడు నేనును అచట ఉంటిని. దస్తావేజుల నడుమ ఐదురూపాయల ఉస్మానియా నోటు కనబడెను. అంచును చెదలు తినియుండెను. ఇంటి ఇల్లాలు, "చెల్లనిది గదా పంతులుగారూ, పొయ్యిలో వేయనా?" అని అడిగినది. వలదంటిని. ఇట్టి ప్రశ్న ఎన్ని ఇండ్లలో అడుగకయే తీరిపోయినదో!

కావున పెద్దలకు కొన్ని మనవులు. పాతనోటును కడుగరాదు, ఇస్త్రీ చేయరాదు, జిగురుతో అతికింపరాదు. ప్లాస్టిక్కు పొర వేయించిన నోటు మరల విడిరాదు. మడత విప్పి, ఆమ్లము లేని శుభ్రమైన కాగితముల నడుమ ఉంచి, తేమయు ఎండయు తగులని చోట పెట్టుడు. పాతనోటుకు లక్షలిత్తుము, ముందు రుసుము పంపుడని చెప్పువారిని నమ్మకుడు. తన పేరు చెప్పి ఇట్లు మోసగించువారు కలరని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించినది. 2016 నవంబరులో రద్దయిన ఐదువందల, వేయి రూపాయల నోట్లను ఉంచుకొనుటకు 2017 నాటి చట్టము హద్దు విధించినది: సామాన్యులకు మొత్తము పది, పరిశోధనకు గాని సేకరణకు గాని ఇరువదియైదు.

అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి. నోటుతోపాటు దాని వృత్తాంతమును వేరొక కాగితముపై వ్రాసియుంచుడు. ఎవరి చేతిది, ఏ పంటను అమ్మినప్పుడు వచ్చినది, ఏల మార్చుకొనక మిగిలినది అను సంగతులు వ్రాయుడు. నోటును ధనముండిన వాడు అంగడిలో కొనగలడు. ఈ వృత్తాంతము ఏ అంగడిలోను దొరకదు. హాలీరూపాయితో ఉప్పుపప్పులు కొన్నవారు నేడు ఎనుబదియేండ్లు పైబడినవారు. వారు చెప్పగా వ్రాసికొనుటకు మిగిలియున్న కాలము స్వల్పము. నేడే పెట్టె తెరచి చూడుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.