అరకు సరే.. సిక్కోలు చూశారా? వంశధార తీరంలో చాలామందికి తెలియని ఊళ్లు ఇవే!

లాంగ్ వీకెండ్ వచ్చిందంటే చాలు.. వైజాగ్ వెళ్లడం, అక్కడి నుంచి అరకు ఎక్కడం, లంబసింగి మంచులో ఓ రీల్ తీసుకుని తిరిగి రావడం. ఉత్తరాంధ్ర ట్రిప్ అంటే చాలామందికి ఇంతే. విశాఖ నుంచి హైవే మీద ఇంకో వంద కిలోమీటర్లు దాటితే శ్రీకాకుళం వస్తుంది. అక్కడికి వెళ్లేవాళ్లు కూడా అరసవల్లి సూర్యదేవుడికి, శ్రీకూర్మం స్వామికి దండం పెట్టుకుని వెనక్కి వచ్చేస్తారు. అసలు సిక్కోలు చరిత్ర మాత్రం లోపలి ఊళ్లలో ఉంది.

ఒకప్పటి రాజధాని.. ఇప్పుడో పల్లెటూరు

జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున ఉంది శ్రీముఖలింగం. చూస్తే మామూలు ఊరే. కానీ తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ వంశంలోని అనంతవర్మ చోడగంగదేవుడే ఆ తర్వాత రాజధానిని కటక్‌కు మార్చాడు. పూరీ జగన్నాథ ఆలయ నిర్మాణం మొదలుపెట్టింది ఆయనే. కోణార్క్ సూర్య దేవాలయం కట్టించిన నరసింహదేవుడు కూడా ఈ వంశం వాడే. పూరీ, కోణార్క్ చూడటానికి రైలెక్కి వెళ్లే మనవాళ్లు, ఆ రాజుల పాత ఊరిని దారిలోనే వదిలేసి పోతున్నారన్నమాట!

ఇక్కడ మూడు గుళ్లున్నాయి. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. ఇప్పచెట్టును సంస్కృతంలో మధుక అంటారు. స్వామి ఇప్పచెట్టులో వెలిశాడని స్థలపురాణం, అందుకే ఆ పేరు. మన వైపు గాలిగోపురాలకు అలవాటు పడిన కళ్లకు ఈ శిఖరాలు కొత్తగా కనిపిస్తాయి. ఇది కళింగ శైలి. భక్తులంతా మధుకేశ్వరుడి దగ్గరే ఆగుతారు గానీ, సోమేశ్వరాలయాన్ని అస్సలు మిస్ కావొద్దు. ముందు మండపం లేదు, గర్భగుడి ఒక్కటే. బయటి గోడల మీది శిల్పాల కోసం కాస్త టైమ్ పెట్టుకోండి. శివరాత్రికి మాత్రం జనం పోటెత్తుతారు. తీరిగ్గా చూడాలనుకుంటే ఆ రోజులు వద్దు.

గిడుగు వారి ఊరు ఇదే

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం కదా. ఆ గిడుగు వెంకట రామమూర్తి 1863లో పుట్టింది ముఖలింగం దగ్గర్లోని పర్వతాలపేటలో. ముఖలింగం గుడి శాసనాల మీద కుస్తీ పట్టి, పాత లిపులు చదవడం సొంతంగా నేర్చుకున్నారాయన. 1919లో శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. వాడుక భాష కోసం కొట్లాడిన మనిషిగానే ఆయన అందరికీ తెలుసు. ఈ కోణం టెక్స్ట్‌బుక్కుల్లో పెద్దగా కనిపించదు.

ఆ శాలిహుండం శ్రీకాకుళానికి సుమారు 18 కిలోమీటర్లు. గార మండలంలో వంశధారకు దక్షిణ గట్టున చిన్న కొండ, దాని మీద ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు. హీనయానం, మహాయానం, వజ్రయానం.. మూడు దశల ఆనవాళ్లూ ఇక్కడే దొరికాయి. తార, మారీచి లాంటి దేవతల విగ్రహాలు కూడా బయటపడ్డాయి. పైకెక్కితే కింద నది కనిపిస్తుంది. అది సముద్రంలో కలిసే కళింగపట్నం బీచ్, లైట్‌హౌస్ ఇక్కడికి దగ్గరే. సాయంత్రం అటు వెళ్లిపోవచ్చు.

చేప దవడతో పత్తి శుభ్రం.. పొందూరులో మాత్రమే!

ఇక అసలు విషయం పొందూరు. ఖద్దరు పేరు అందరూ విన్నదే. అది ఎలా తయారవుతుందో చూసినవాళ్లు తక్కువ. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి చెత్త పోయి, దూది పోగులు వరుసగా వస్తాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం. ఆ ఏకులు పాడవకుండా ఎండిన అరటి పట్టలో దాచి, రాట్నం మీద నూలు వడుకుతారు. 100 కౌంట్ నూలు చేత్తోనే తీస్తారంటే మామూలు విషయం కాదు. ఈ పనితనం గురించి విన్న గాంధీజీ, స్వయంగా చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపించారు.

వడికేది ఎక్కువగా ఆడవాళ్లే, అందులోనూ వయసు మళ్లినవాళ్లే. రోజంతా కూర్చున్నా చేతికి వచ్చేది తక్కువ. అందుకే కొత్త తరం రాట్నం ముందు కూర్చోవడం లేదు. పంచె రేటు చూసి బేరమాడే ముందు, ఆ పంచెలో ఎంతమంది చేతి పని ఉందో ఒక్కసారి అక్కడే నిలబడి చూడండి. కొనాలనుకుంటే ఊళ్లోని ఖాదీ సంఘం దగ్గరే తీసుకోండి. పొందూరు పేరుతో బయట అమ్మేదంతా చేతి నూలు కాదు.

చలికాలం వెళ్తే టెక్కలి మండలం తేలినీలాపురం కూడా కలుపుకోండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా ఊరంతా వాటిని చూసుకుంటుంది. డ్రోన్లు, డప్పుల హడావుడి అక్కడ అస్సలు వద్దు.

రైల్లో వెళ్లేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. అది టౌన్‌లో కాదు, ఆమదాలవలసలో ఉంది. పొందూరుకు వేరే స్టేషన్ ఉంది కానీ అన్ని రైళ్లూ ఆగవు. లోపలి ఊళ్లకు సొంత బండి లేదా ఆటో మాట్లాడుకుంటేనే మేలు. ఒక్క రోజులో అన్నీ చుట్టేద్దామనుకుంటే కుదరదు, రెండు రోజులు పెట్టుకోండి.