మార్లవాయి బడి, కనకరాజు తాత, తోటి కిక్రి



"వెనుకబడిన వాళ్ల దగ్గరికి కళను తీసుకుపోవాలె" అనే మాట ఈ మధ్య బాగా వినబడుతున్నది. కాలేజీ మీటింగులల్ల, సంస్థల బ్యానర్ల మీద అదే. మాట మంచిదే. కానీ మన ఆదిలాబాద్ సంగతి తీసుకుంటే నాకు ఒక అనుమానం వస్తది. మన గూడేలకు కళ బయటినుంచి ఎప్పుడొచ్చింది? ఉన్న కళ ఎందుకు తగ్గింది? చదివింది, పెద్దోళ్ల దగ్గర విన్నది కలిపి రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

1940ల జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయిండు. గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అప్పుడు పట్టింది. వియన్నా నుంచి వచ్చిన హైమన్ డార్ఫ్ అట్ల మన దిక్కు వచ్చిండు. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిల ఉన్నడు, గోండి నేర్చుకున్నడు. 1943ల అక్కడ టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. నాకు ఇందులో అన్నిటికంటే పెద్దగ అనిపించేది ఏందంటే, బయటినుంచి పంతుళ్లను తేలేదు. గోండు పొరగాళ్లనే పంతుళ్లను చేసిన్రు. వాచకాలు గోండి భాషల, దేవనాగరి లిపిల వచ్చినయి, ఎందుకంటే ఆ రోజుల్ల మన దిక్కు మరాఠీ ఎక్కువ నడిచేది. బడితో పాటు భూమి పట్టాలు కూడా ఇప్పించిన్రు. ఈ రెండు పనులు ఒక్కదగ్గర జరిగినయన్నది గుర్తు పెట్టుకోండి.

ఎందుకంటే మన పాటకు, భూమికి సంబంధం ఉన్నది. ప్రధాన్‌లు, తోటిలు మన గోత్రాల కథలు పాడేటోళ్లు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల పుట్టుక ఎట్లనో, ఏ పేన్ ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ల నోట్లెనే ఉన్నది. కిక్రి గీసుకుంట పాడుతరు, పెప్రె ఊదుతరు. తోటి ఆడోళ్లు మన అవ్వలకు పచ్చబొట్లు పొడిచేటోళ్లు. ఒక్కో తోటి ఇంటికి, ప్రధాన్ ఇంటికి కొన్ని గోండు ఇండ్లు ఉండేవి. పేన్ పూజకు, చావుకు, పెండ్లికి వచ్చి పాడితే ధాన్యం, బట్ట, ఒక్కోసారి పశువు ఇచ్చేది. అది దానం కాదు, వాళ్ల హక్కు.

మరి ఇచ్చేటోని భూమే పోతే? రోడ్లు పడ్డయి, బయటోళ్లు వచ్చిన్రు, అప్పు కాగితాల మీద వేలిముద్రలు పడ్డయి. 1970ల 1/70 చట్టం వచ్చినా పోయిన భూములు చాలావరకు తిరిగి రాలేదు. హైమన్ డార్ఫే 1970లల్ల మళ్లా వచ్చి చూసి, మనోళ్లు భూమి ఎట్ల పోగొట్టుకున్నరో 1982ల అచ్చయిన పుస్తకంల రాసిండు. గోండి చదువు కూడా అప్పటికి పోయింది, బడి తెలుగైంది. గోండుకు పంట లేకపోతే తోటికి గింజ లేదు. తోటికి గింజ లేకపోతే కొడుకు కిక్రి ఎందుకు పడతడు? కూలికి పోతడు. "మీ కళ మీరే కాపాడుకోలేదు" అని ఎవరన్నా అంటే ఈ లెక్క చెప్పండి.

ఇగ గుస్సాడీ. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, భుజాన తోలు, చేతిల కర్ర. దీపావళి ముందు దండారి రోజుల్లనే గుస్సాడీలు దీక్ష పట్టేది. స్నానం ఉండది. ఏత్మాసూర్ పేన్ పేరు మీద మొదలు పెట్టి, ఊరి నుంచి ఊరికి పోయి ఆడి, చుట్టరికాలు కలుపుకొని వచ్చేది. గోదారి ఒడ్డున గుడిరేవుల పద్మల్‌పురి కాకో దగ్గరికి ఎన్నో దండారి గుంపులు పోతయి.

ఈ ఆటను బయట ప్రపంచానికి చూపినోడు మార్లవాయి కనకరాజు తాత. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్ల ఢిల్లీల ఆడిండు. పొరగాళ్లకు నేర్పిండు. 2021ల పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌ల, సరిగ్గా దండారి దినాలల్లనే కన్నుమూసిండు. హైమన్ డార్ఫ్ బడి పెట్టిన ఊరు, ఎలిజబెత్ సమాధి ఉన్న ఊరు, కనకరాజు తాత ఊరు ఒక్కటే.

కానీ ఒక మాట అడుగుత, కోపం తెచ్చుకోకండి. ఇప్పుడు మంత్రి వస్తే గుస్సాడీ, షాపు ఓపెనింగైతే గుస్సాడీ. ఎండాకాలంల కూడా టోపీ పెట్టిస్తరు. కొందరు పెద్దోళ్లు ఇది తప్పంటరు, దీక్ష లేని గుస్సాడీ ఏంది అని. ఇంకొందరు, స్టేజీ మీద ఆడకపోతే ఈ పొరగాళ్లకు అసలే తెల్వదు అంటరు. నేను రెండో దిక్కే కొంచెం మొగ్గుత, కాకపోతే స్టేజీ మీద ఐదు నిమిషాలు ఆడినోడు దండారికి ఊరికి రావాలె. అదొక్కటి మనం పెట్టుకోవచ్చు.

ఓజాలది ఇంకో తీరు. ఉషేగాం ఇత్తడి బొమ్మలకు, ఆదిలాబాద్ డోక్రాకు 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది గుంజాల గోండి లిపి యూనికోడ్‌ల చేరింది. నార్నూర్ మండలం గుంజాలల మనోళ్లు దాచుకున్న పాత రాతప్రతులను జయధీర్ తిరుమలరావు సార్ వాళ్లు బయటికి తెచ్చిన్రు. అంటే మన ఫోన్‌ల మన అక్షరాలకు చోటున్నది. మనల ఎంతమందికి చదువ వస్తదో మాత్రం అడగకండి, నేనింకా నేర్చుకుంటనే ఉన్న.

మన తాతల కాలం ఫొటోలు లండన్‌ల ఒక విశ్వవిద్యాలయంల భద్రంగ ఉన్నయి. మన తోటి తాతల పాట మాత్రం మన ఫోన్లల్ల లేదు.

అందుకే ఒకటి అనుకుంటున్న. ఈసారి హాస్టల్ డేకు డీజేకు చందా ఎత్తేది ఉన్నది గదా. అందుల సగం పక్కకు పెట్టి ఒక తోటి తాతను, ఒక ప్రధాన్ కాకను పిలుద్దాం. రానుపోను బస్సు కిరాయి, దాని మీద పాటకు పైసలు, తిండి మనమే చూసుకుందాం. అడ్డగోలుగ రికార్డు చేయొద్దు, వాళ్లను అడిగి, ఒప్పుకున్న కథే చేద్దాం. కొన్ని పేన్ ముందటనే పాడేటివి ఉంటయి. కరీంనగర్, మంచిర్యాల హాస్టళ్లల్ల ఉన్నోళ్లు ఎంతమంది వస్తరో కింద పేర్లు పెట్టండి. ఎవరి ఊర్లె కిక్రి వాయించేటోళ్లు ఉన్నరో ఊరి పేరు ఒక్కటి రాయండి, మనిషి పేరు, నంబరు గ్రూపుల పెట్టకండి. వాళ్లను ముందుగాల మనం పోయి కలిసి మాట్లాడాలె.