మంచు దేశపు అపరాధ పరిశోధన - ఒక నిరాశ

అట్ట మీద 'స్కాండినేవియన్ శైలి' అని ఉండటం చూసి ఈ మధ్య ఒక అపరాధ పరిశోధన నవల ఎంతో ఆశగా చదివాను. మంచు ఉంది, చీకటి ఉంది, భార్య విడిచి వెళ్ళాక ఒంటరిగా తాగే పోలీసు అధికారీ ఉన్నాడు. చివరికి హంతకుడు దొరికాడు. కానీ ఆ ఊరి మనుషులు ఎలా బతుకుతున్నారో మాత్రం తెలియనే లేదు.

నా అసంతృప్తికి మూలం ఈ తరహా నవలల చరిత్రలో కనిపించింది. స్వీడన్‌లో మాయ్ షోవాల్, పేర్ వాలో అనే జంట 1965 నుంచి 1975 వరకు పది నవలలు రాశారు. పదింటికీ కలిపి 'ఒక నేరం కథ' అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టారు. వామపక్షవాదులైన వారి దృష్టిలో ఆ నేరం హత్య ఒక్కటే కాదు. సంక్షేమ రాజ్యమని పేరుపడ్డ దేశం తన బలహీనులను గాలికొదిలేయడం కూడా. మొదటి నవల 'రోజానా'లో కాలువలో దొరికిన శవం ఎవరిదో తెలుసుకోవడానికే పోలీసులకు నెలలు పడుతుంది. చివరిదైన 'టెర్రరిస్టులు'లో, ఏ వ్యవస్థా ఆదుకోని ఒక యువతి దేశ ప్రధానిని కాల్చి చంపుతుంది. 1986 ఫిబ్రవరి 28న స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మే స్టాక్‌హోం వీధిలో నిజంగానే హత్యకు గురయ్యారు. దీన్ని నేను జోస్యమనను. కానీ రచయితలు తమ సమాజాన్ని ఎంత కలవరంతో చూశారో ఆ నవల చెబుతుంది.

చంపినదెవరన్న ప్రశ్న వెనుక, అది ఎందుకు సాధ్యమైందన్న మరో ప్రశ్న వారికి ఉండేది. నేను చదివిన పుస్తకం వారి మంచును మాత్రమే అరువు తెచ్చుకుంది. దాన్ని పక్కన పెట్టి 'రోజానా' మళ్ళీ మొదలుపెట్టాను.