పోటీలు మిగిలాయి, పెత్తనం పోయింది

ఉద్యోగాలు చేసి రిటైరైన మనందరికీ తెలిసిన సంగతే: పని చేసేవారు ఒకరు, ఫైలు మీద సంతకం పెట్టేవారు మరొకరు. క్రీడల్లో స్త్రీల చరిత్ర కూడా ఇలాంటిదే. ఆడే అవకాశం ముందు వచ్చింది. నిర్ణయించే కుర్చీ చాలాకాలానికి గాని రాలేదు.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 1894లో ఏర్పడింది. 1900 పారిస్ పోటీల్లో స్త్రీలు మొదటిసారి పాల్గొన్నారు. కాని టెన్నిస్, గోల్ఫ్ వంటి కొద్ది ఆటలకే అనుమతి. పరుగు పందేలకు లేదు. సంఘ స్థాపకుడు కూబర్తిన్ స్త్రీల పోటీలకు వ్యతిరేకి.

ఫ్రాన్సుకు చెందిన ఆలిస్ మిలియా దీనికి ఊరుకోలేదు. 1921లో స్త్రీలకు వేరుగా అంతర్జాతీయ సమాఖ్య స్థాపించి, మరుసటి ఏడాది పారిస్‌లో మహిళా ఒలింపిక్స్ జరిపించారు. 'ఒలింపిక్' అన్న పేరుకు ఒలింపిక్ పెద్దలు అభ్యంతరం చెప్పగా, ఆ పేరు వదులుకుని 1928 ఆమ్‌స్టర్‌డామ్‌ ఒలింపిక్స్‌లో స్త్రీలకు అయిదు అథ్లెటిక్స్ పోటీలు సాధించారు. వాటిలో 800 మీటర్ల పరుగులో స్త్రీలు సొమ్మసిల్లారని గగ్గోలు పెట్టి దానిని తొలగించారు. తిరిగి పెట్టింది 1960లో! 1936తో మిలియా సమాఖ్య కథ ముగిసి, స్త్రీల అథ్లెటిక్స్ పురుషుల పెత్తనంలోని సంఘం చేతికి వెళ్లింది. పోటీలు మిగిలాయి, పెత్తనం పోయింది.

ఒలింపిక్ సంఘంలో తొలి మహిళా సభ్యులుగా వెనిజులాకు చెందిన ఫ్లోర్ ఇసావా ఫోన్సెకా, ఫిన్లండ్‌కు చెందిన పిర్యో హాగ్‌మన్ చేరింది 1981లో. అంటే 87 ఏళ్లకు. అధ్యక్ష పీఠం జింబాబ్వే ఈతగత్తె క్రిస్టీ కోవెంట్రీకి 2025లో దక్కింది. అంటే 131 ఏళ్లకు.

మన దేశానికి వస్తే, 1927లో ఏర్పడిన భారత ఒలింపిక్ సంఘానికి తొలి అధ్యక్షురాలిగా పి.టి.ఉష ఎన్నికైంది 2022లో. సిడ్నీలో 2000లో కాంస్యం తెచ్చిన మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌ అయ్యారు. 2025 జాతీయ క్రీడా పరిపాలన చట్టం ప్రకారం జాతీయ క్రీడా సంఘాల కార్యవర్గంలో కనీసం నలుగురు మహిళలు ఉండాలి.

చట్టం మంచిదే. కాని పేరు భార్యది, పెత్తనం భర్తది అయిన పంచాయతీలను మనం చూశాం. క్రీడా సంఘాల్లో అలా జరగకూడదు. మనవరాలిని మైదానానికి పంపే తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, ఆ ఆటను నడిపే కమిటీలో మహిళలెందరని కూడా అడగాలి. ఆ ప్రశ్న మన సంఘం కార్యవర్గానికీ వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు.